40 నిమిషాలు నడిచి ఆగిపోతున్న అటామిక్ 4: కరెంటా, పెట్రోలా?

చెసపీక్_తెరచాప | అన్నాపొలిస్, మేరీలాండ్ | ఆగస్టు 6, రాత్రి 10:15

అందరికీ నమస్కారం. ఈ మార్చిలో 1976 నాటి పియర్సన్ 30 తెరచాప పడవ కొన్నాను. అందులో ఉన్నది యూనివర్సల్ అటామిక్ 4 పెట్రోల్ ఇంజిన్. పడవ ఒళ్లు గట్టిగా ఉంది, చాపలు బాగున్నాయి. ఇంజిన్ ఒక్కటే నమ్మించి ముంచుతోంది.

చల్లగా ఉన్నప్పుడు తాళం తిప్పగానే అందుకుంటుంది. 40, 45 నిమిషాలు ఒకే శ్రుతిలో నడుస్తుంది. ఆ తర్వాత ఆగిపోతుంది. 20 నిమిషాలు ఊరుకుని తిప్పితే మళ్లీ అందుకుంటుంది కానీ ఈసారి పది నిమిషాలే. కొన్ని రోజులు పూర్తిగా ఆగకుండా, మధ్యలో రొప్పి మళ్లీ సర్దుకుంటుంది.

ఇంతవరకు చేసినవి: ట్యాంకులో పాత పెట్రోల్ తోడించి కొత్తది పోశాను. ఫిల్టర్ మార్చాను. కార్బురేటర్ విప్పి శుభ్రం చేశాను. ప్లగ్గులు నాలుగూ కొత్తవి. మెరీనాలో ఒక మెకానిక్ చూసి కొత్త కార్బురేటర్ వేయమన్నాడు.

నిన్న జరిగింది చెప్పాలి. వెస్ట్ రివర్ నుంచి తిరిగి వస్తున్నాం. గాలి చుక్క లేదు. మా ఆవిడ, తొమ్మిదేళ్ల పాప పడవలో ఉన్నారు. థామస్ పాయింట్ లైట్‌హౌస్ దాటాక ఇంజిన్ ఆగింది. చాప ఎత్తినా గుడ్డలా వేలాడింది. ప్రవాహం మమ్మల్ని మెల్లగా పెద్ద ఓడలు లంగరేసుకునే చోటు వైపు తోస్తోంది. మేమూ లంగరు వేసి కూర్చున్నాం. ఎదురుగా ఒక సరుకు ఓడ, మూడంతస్తుల గోడలా. పాప అడిగింది: "నాన్నా, ఆ ఓడ ఇప్పుడు కదిలితే?" నా దగ్గర జవాబు లేదు. తెలిసినవాళ్లు వచ్చి తాడు కట్టి లాక్కెళ్లారు.

కార్బురేటర్ కొనే ముందు మీ మాట వినాలని రాస్తున్నాను.

—

డీజిల్_వాది | హ్యూస్టన్, టెక్సాస్ | ఆగస్టు 6, రాత్రి 10:52

తమ్ముడూ, పిల్లలతో తిరిగే పడవలో యాభై ఏళ్ల పెట్రోల్ ఇంజిన్ వద్దు. నేను 2016లో తీసేసి డీజిల్ వేయించాను. పదివేల డాలర్లు దాటింది. కానీ ఆ రోజు నుంచి టెన్షన్ లేదు. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు, పడవ అడుగున చేరుతుంది, అక్కడ ఒక్క నిప్పురవ్వ చాలు. డీజిల్‌తో ఆ బెంగ ఉండదు.

—

ఆటోనగర్_పెద్దాయన | విజయవాడ, ప్రస్తుతం న్యూజెర్సీ | ఆగస్టు 7, ఉదయం 6:05

బాబూ, నాకు పడవలు తెలియవు. పెట్రోల్ ఇంజిన్ తెలుసు. 38 ఏళ్లు ఆటోనగర్‌లో అంబాసిడర్లు విప్పి బిగించాను. మీ ఇంజిన్ గురించి మా అబ్బాయి చూపిస్తే చదివాను. కాయిల్‌కు కరెంటు కలిపి తెంపే పాయింట్లు, ప్లగ్గులకు నిప్పురవ్వ కరెంటు పుట్టించే కాయిల్, దాన్ని ప్లగ్గులకు పంచే డిస్ట్రిబ్యూటర్, చేత్తో కొట్టే పెట్రోల్ పంపు, అన్నీ నాకు తెలిసిన సామానే.

ముందు ఒక్క సంగతి చెప్పు. ఇంజిన్ ఆగేటప్పుడు ఎలా ఆగుతోంది? దీపాన్ని ఉఫ్‌మని ఊదితే ఆరినట్టు ఒక్కసారిగానా? నూనె అయిపోయిన దీపంలా ఊగి ఊగి, చిన్నదై, పెద్దదై, చివరకు ఆరుతుందా? మొదటిదైతే కరెంటు. రెండోదైతే పెట్రోల్. నూటికి తొంభై సార్లు ఇది తప్పదు. నువ్వు రాసినదాంట్లో రెండూ ఉన్నాయి, అందుకే అడుగుతున్నా.

ఇంకో మాట. అరకు ఘాట్ రోడ్డు ఎక్కే టాక్సీ ఒకటి మా షెడ్డుకు వచ్చేది. సగం కొండ ఎక్కాక ఆగేది. డ్రైవరు పెట్రోల్ పంపు మీద తడిగుడ్డ కప్పి, బీడీ కాల్చుకుని, మళ్లీ స్టార్ట్ చేస్తే అందుకునేది. పంపు వేడెక్కి పెట్రోల్ ఆవిరవుతోందని అందరం నమ్మాం. పంపు రెండుసార్లు మార్చాం. ఆరు నెలల తర్వాత తెలిసింది, తప్పు కాయిల్‌ది. గుడ్డ తడిపి, బీడీ కాల్చే లోపు కాయిల్ చల్లారేది, పేరు గుడ్డకు వచ్చేది. కాసేపు ఆగితే అందుకుంటోంది కదా అని దేన్నీ నిర్ధారించకు. ఆగిన ఆ రెండు నిమిషాల్లోనే చూడాలి.

—

పాత_ఇంజిన్_ప్రేమికుడు | మిల్వాకీ, విస్కాన్సిన్ | ఆగస్టు 7, ఉదయం 8:30

పెద్దాయన గారు చెప్పిందే అసలు మాట. నాది 17 ఏళ్ల అటామిక్ 4 కాపురం. ఇంజిన్ పుట్టింది మా ఊరికి దగ్గరే, ఆష్కోష్‌లో. 1940ల చివర మొదలై 1980ల మధ్య దాకా సుమారు 40 వేలు తయారయ్యాయి. నాలుగు సిలిండర్లు, 64 ఘనపు అంగుళాలు, అంటే లీటరుకు కాస్త ఎక్కువ. వాల్వులు పక్కన ఉండే పాత పద్ధతి. కంప్రెషన్ తక్కువ కాబట్టి మామూలు పెట్రోల్‌తో హాయిగా నడుస్తుంది. పెద్దాయన గారికి ఒక్క హెచ్చరిక: అంబాసిడర్ ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు ఒకదాని తర్వాత ఒకటి మండే వరస) 1-3-4-2, దీనిది 1-2-4-3. అలవాటు కొద్దీ వైర్లు పెడితే స్టార్ట్ కాదు.

డీజిల్_వాది అన్నా, మీ భయం న్యాయమే. కానీ ఆయన అడిగింది జబ్బు గురించి. ఈ ఇంజిన్‌కు విడిభాగాలు ఇవాళ్టికీ కొత్తవి దొరుకుతున్నాయి. సరిగా చూసుకుంటే ఇది పారేయాల్సిన వస్తువు కాదు.

చెసపీక్ తమ్ముడూ, ఇవి చెప్పు:
పాయింట్లు ఉన్నాయా, వాటి స్థానంలో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టారా? పంపు మెకానికలా, ఎలక్ట్రికా? చివరి ఏళ్లలో వచ్చిన వాటికి ఎలక్ట్రిక్ పంపు, దానికి ఆయిల్ ప్రెషర్ స్విచ్ ఉంటాయి. ఆ స్విచ్ పాడైనా పెట్రోల్ ఆగిపోతుంది. కాయిల్ ఎక్కడ బిగించి ఉంది? దాని మీద ఏం రాసి ఉంది?

—

చెసపీక్_తెరచాప | ఆగస్టు 7, రాత్రి 9:20

బాబాయ్ గారూ, మీ దీపం మాట చదివి అరగంట ఆలోచించాను. మొన్న టక్కున ఆగింది. ఊదినట్టే. కానీ జూన్‌లో రెండుసార్లు నూనె అయిపోయినట్టు ఊగింది, యాక్సిలరేటర్ తగ్గిస్తే నిలబడింది. రెండూ నిజమే.

అన్నా, పంపు మెకానికల్, పక్కన చేత్తో నొక్కే కమ్మీ ఉంది. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి చూశాను. పాయింట్లు లేవు, నల్లటి చిన్న మాడ్యూల్ ఉంది. పాత యజమాని పెట్టించి ఉంటారు. కాయిల్ సిలిండర్ హెడ్ మీదే బిగించి ఉంది. తుప్పు తుడిచి చదివితే "బయటి రెసిస్టర్‌తో వాడాలి" అని ఉంది. రెసిస్టర్ ఎలా ఉంటుందో నాకు తెలియదు కానీ దాని చుట్టుపక్కల వైర్లు తప్ప ఇంకేం లేవు.

—

విశాఖ_తీరం | విశాఖపట్నం | ఆగస్టు 8, ఉదయం 7:45

ఓడల ఎలక్ట్రికల్ పనిలో ఉన్నాను. ఆ చివరి వాక్యం చదివి ఆగిపోయాను.

మల్టీమీటర్ ఉందా? ఇంజిన్ ఆపి, బ్యాటరీ స్విచ్ కట్టేసి, కాయిల్ రెండు చిన్న టెర్మినళ్ల వైర్లు తీసి, వాటి మధ్య రెసిస్టెన్స్ కొలవండి. తర్వాత వైర్లు బిగించి, ఇంజిన్ నడుస్తుండగా కాయిల్ ప్లస్ దగ్గర వోల్టేజి, బ్యాటరీ దగ్గర వోల్టేజి రెండూ రాయండి. రెండింటికీ తేడా అర వోల్టు మించితే ప్యానెల్‌కు వెళ్లే వైరింగ్‌లో ఎక్కడో పచ్చ తుప్పు పట్టినట్టు. పాత పడవల్లో ఇంజిన్‌కూ ప్యానెల్‌కూ మధ్య ఉండే రబ్బరు ప్లగ్గే సాధారణంగా దొంగ.

—

గోదారి_పిల్ల | సియాటిల్ | ఆగస్టు 8, ఉదయం 8:10

అందరూ ఆగండి, ఒక్క నిమిషం. కొలతలకు ముందు ఇది చదవండి.

పెట్రోల్ ఇంజిన్ గదిలో చేయి పెట్టే ప్రతిసారీ బ్లోయర్, అంటే ఆ గది గాలిని బయటికి లాగే ఫ్యాన్, కనీసం నాలుగు నిమిషాలు నడవాలి. తర్వాత వంగి, ముక్కుతో వాసన చూడాలి. బ్లోయర్ నడిచింది కదా అని ముక్కును పక్కన పెట్టొద్దు, బ్లోయర్ గొట్టం ఊడిపోయి ఉండొచ్చు. వాసన వస్తే స్విచ్‌లు ఏవీ ముట్టకుండా, అందరినీ జట్టీ మీదికి దింపి, లీకు ఎక్కడో చూడాలి.

యూట్యూబ్‌లో చూసి ప్లగ్ వైర్ పీకి ఇంజిన్ బాడీకి ఆనించి నిప్పురవ్వ వస్తోందా అని చూడొద్దు. కారు బానెట్ తెరిస్తే ఆవిరి కిందికి జారి రోడ్డు మీదికి పోతుంది. పడవలో పోయే చోటు లేదు, మీ కాళ్ల కిందే బిల్జ్‌లో, అంటే పడవ అడుగు భాగంలో, కూర్చుంటుంది. వైరు పీకకుండా పైనే క్లిప్ తగిలించే టైమింగ్ లైట్ వాడండి. వెలుగుతుంటే కరెంటు వెళుతున్నట్టు.

స్టార్టింగ్ స్ప్రే కూడా వద్దు. కార్బురేటర్ నోటికి ఉన్న జాలీ తీసి నడపొద్దు, అది ఇంజిన్ వెనక్కి తన్నినప్పుడు మంట బయటికి రాకుండా ఆపేది. ఆల్టర్నేటర్, స్టార్టర్ ఎప్పుడైనా మారిస్తే నిప్పురవ్వ బయటికి రాని మెరైన్ రకమే. కార్లవి చవగ్గా వస్తాయని పెట్టొద్దు. మా మెరీనాలో ఒక పెట్రోల్ పడవ జట్టీ పక్కనే కాలిపోవడం నేను కళ్లారా చూశాను. మనుషులు దూకి బతికారు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

—

డీజిల్_వాది | ఆగస్టు 8, ఉదయం 8:41

గోదారి గారు చెప్పిన ప్రతి అక్షరానికీ నా మద్దతు.

—

చెసపీక్_తెరచాప | ఆగస్టు 9, రాత్రి 11:05

బ్లోయర్ గొట్టం నిజంగానే ఊడి ఉంది! ఫ్యాన్ తిరుగుతోంది కానీ పీలుస్తున్నది లాకర్‌లో గాలిని. బిల్జ్ గాలి కదలడమే లేదు. ఐదు నెలలుగా ఇలాగే, పాపను ఎక్కించుకుని తిరిగాను. ఇది రాస్తుంటే చేతులు చల్లబడుతున్నాయి. ముందు దాన్ని క్లాంపుతో బిగించాను. గోదారి_పిల్ల గారూ, మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియదు.

కొలతలు: కాయిల్ 1.5 ఓమ్‌లు. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.7, కాయిల్ దగ్గర 13.4.

—

విశాఖ_తీరం | ఆగస్టు 10, ఉదయం 6:50

వైరింగ్ బాగుంది. బాగాలేనిది కాయిల్.

13.4ని 1.5తో భాగించండి, దగ్గర దగ్గర 9 ఆంపియర్లు. మాడ్యూల్ ఆన్‌లో ఉన్న ప్రతి క్షణం కరెంటు అటు ఎగబాకుతుంది. రెసిస్టర్ ఉండి ఉంటే సగానికి తగ్గేది. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌కు ఆ రకం మాడ్యూల్‌తో కాయిల్ వైపు మొత్తం కనీసం 3 ఓమ్‌లు ఉండాలి, 4 ఉంటే ఇంకా మంచిది. 4 ఓమ్‌లైతే కరెంటు మూడున్నర ఆంపియర్లు దాటదు.

పాయింట్ల కాలంలో రెసిస్టర్ ఉండి ఉంటుంది. మాడ్యూల్ పెట్టినప్పుడు దానికి పూర్తి 12 వోల్టులు కావాలని చదివి రెసిస్టర్ తీసేసి, కాయిల్ మాత్రం పాతదే ఉంచి ఉంటారు. మాడ్యూల్‌కు పూర్తి వోల్టేజి ఇవ్వడం సరైనదే. కాయిల్ మార్చకపోవడమే తప్పు. పైగా అది సిలిండర్ హెడ్ మీద ఉంది. లోపలి వేడి, బయటి వేడి రెండూ కలుస్తున్నాయి. లోపల చుట్టిన తీగ మీది పూత వేడికి మెత్తబడి, ఒక దశలో లోపలే షార్ట్ అవుతుంది. చల్లారితే మళ్లీ బాగున్నట్టు కనిపిస్తుంది. 40 నిమిషాల లెక్క అందుకే.

ఇలా నడిపితే మాడ్యూల్ కూడా పోతుంది. అదృష్టం బాగుంటే ఇంకా బతికే ఉంటుంది.

—

ఆటోనగర్_పెద్దాయన | ఆగస్టు 10, ఉదయం 7:15

విశాఖ బాబు లెక్క బాగుంది. కానీ కాయిల్ మార్చే ముందు ఒకసారి దాన్ని ఆగనివ్వండి. ఆగినప్పుడు చూడండి. లెక్క వేరు, కంటితో చూడడం వేరు. జూన్‌లో ఊగి ఊగి ఆగిన సంగతి ఈ లెక్కలో ఇమడడం లేదు.

—

పాత_ఇంజిన్_ప్రేమికుడు | ఆగస్టు 10, ఉదయం 9:00

అదే నేనూ చెప్పబోయాను. జట్టీకి తాళ్లు గట్టిగా కట్టేసి, గేరు ముందుకు వేసి, ఓ మాదిరి వేగంలో నడుపు. దానికి ముందు రెండు ఏర్పాట్లు.

ఒకటి, టైమింగ్ లైట్ క్లిప్ కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే లావు వైరుకు తగిలించి, లైటు కాక్‌పిట్‌లోకి తెచ్చుకో. రెండు, పంపుకూ కార్బురేటర్‌కూ మధ్య చిన్న ప్రెషర్ గేజ్ పెట్టు. ఇత్తడి ఫిట్టింగులే వాడు, పెట్టాక చేతి పంపు కొట్టి ప్రతి జాయింటూ వేలితో తడిమి చూడు. గేజ్ మామూలుగా 2, 3 పీఎస్ఐ చూపాలి. వేడికి పెట్రోల్ ఆవిరవుతోందా అన్న అనుమానం కూడా దీంతోనే తేలిపోతుంది, ముల్లు నిలకడగా ఉండదు.

ఇంజిన్ ఆగగానే తాళం తిప్పి స్టార్టర్‌తో తిప్పుతూ లైట్ చూడు. వెలుగు లేదు, గేజ్ బాగుంది: కరెంటు. వెలుగు ఉంది, గేజ్ పడింది: పెట్రోల్. సామాను కొనేది ఆ తర్వాతే.

మర్చిపోవద్దు: అలా తిప్పేటప్పుడు సీకాక్, అంటే ఇంజిన్‌కు సముద్రపు నీళ్లు వచ్చే కుళాయి, మూసెయ్. అందుకోగానే తెరువు.

—

కొత్త_సరంగు | టాంపా, ఫ్లోరిడా | ఆగస్టు 10, మధ్యాహ్నం 1:30

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. నాదీ అటామిక్ 4. సీకాక్ ఎందుకు మూయాలి? నేను ఎప్పుడూ మూయలేదు.

—

పాత_ఇంజిన్_ప్రేమికుడు | ఆగస్టు 10, మధ్యాహ్నం 2:10

క్షమాపణ ఎందుకు, ఇంజిన్‌ను నిజంగా చంపేది ఇదే.

ఇంజిన్ తిరిగినంతసేపూ నీటి పంపు తిరుగుతుంది. ఇంజిన్‌ను చల్లబరిచిన నీళ్లు ఎగ్జాస్ట్‌లో కలిసి మఫ్లర్‌లో పడతాయి. ఇంజిన్ నడుస్తుంటే పొగ ఒత్తిడి ఆ నీళ్లను బయటికి ఊదేస్తుంది. స్టార్టర్ మాత్రమే తిప్పుతుంటే నీళ్లు వస్తాయి, ఊదడానికి పొగ లేదు. మఫ్లర్ నిండుతుంది. నిండాక నీళ్లు వెనక్కి, తెరిచి ఉన్న ఎగ్జాస్ట్ వాల్వు గుండా సిలిండర్లోకి. ఉప్పునీళ్లు ఒక్క రాత్రి సిలిండర్లో నిలిచినా వాల్వులు పట్టేస్తాయి, గోడలు తుప్పు పడతాయి. వెంటనే అందుకునే ఇంజిన్‌కు పర్వాలేదు. కొన్ని సెకన్లు తిప్పినా అందుకోలేదంటే ఆపి, సీకాక్ మూసి, అప్పుడు ప్రయత్నించాలి.

మూసి మర్చిపోతే నీటి పంపులో తిరిగే రబ్బరు రెక్కలు, అంటే ఇంపెల్లర్, నీళ్లు లేక పొడిగా తిరిగి చిరిగిపోతాయి. నేను సీకాక్ మూసినప్పుడల్లా చిన్న ఎర్ర గుడ్డ ఒకటి త్రాటిల్ పిడికి కడతాను. ఇంజిన్ అందుకుని, చేయి దాని మీదికి వెళ్లగానే గుర్తొస్తుంది.

—

కొత్త_సరంగు | ఆగస్టు 10, మధ్యాహ్నం 2:40

పోయిన నెల నేను నాలుగైదు నిమిషాలు ఆగకుండా తిప్పాను. ఇప్పుడు రెండో సిలిండర్‌కు కంప్రెషన్ లేదు.

—

పాత_ఇంజిన్_ప్రేమికుడు | ఆగస్టు 10, మధ్యాహ్నం 3:05

వాల్వు ఇరుక్కుని ఉండొచ్చు. భయపడకు. ప్లగ్గులు తీసి, మార్వెల్ మిస్టరీ ఆయిల్ కొంచెం పోసి, రెండు రోజులు ఆగి చేత్తో తిప్పు. ఇంజిన్ ఆయిల్‌లో నీళ్లు కలిసి పాలలా ఉంటే ముందు అది మార్చు. వేరే చర్చ మొదలుపెట్టు, అక్కడ వివరంగా మాట్లాడదాం.

—

చెసపీక్_తెరచాప | ఆగస్టు 13, సాయంత్రం 6:30

ఈ రోజు ఆగింది! ఇంజిన్ ఆగినందుకు ఇంత సంతోషం ఎప్పుడూ లేదు.

పొద్దున పదింటికి మొదలుపెట్టాను. బ్లోయర్, ముక్కు, అన్నీ అయ్యాక తాళ్లు కట్టి, గేరు వేసి, గేజ్ ముందు కూర్చున్నాను. ముల్లు 2.5 దగ్గర సన్నగా వణుకుతూ ఉంది. టైమింగ్ లైట్ మా పాప చేతిలో, కాక్‌పిట్‌లో. ఎండ పడకుండా తువ్వాలు కప్పుకుని చూస్తోంది. 43వ నిమిషంలో "నాన్నా, లైట్ పోయింది" అంది. ఆ మాట పూర్తయ్యే లోపే ఇంజిన్ ఆగింది. ఊదిన దీపం. సీకాక్ మూసి స్టార్టర్ తిప్పాను. లైట్ లేదు. గేజ్ 2.5.

కాయిల్ మీద చేయి పెట్టబోయి వెనక్కి తీసుకున్నాను. ముట్టుకోలేనంత వేడి. 20 నిమిషాలు ఆగి తిప్పితే లైట్ వెలిగింది, ఇంజిన్ అందుకుంది.

4 ఓమ్‌ల కాయిల్ ఆర్డర్ పెట్టాను.

—

విశాఖ_తీరం | ఆగస్టు 14, ఉదయం 6:40

చాలా సంతోషం. కొత్త కాయిల్‌ను ఇంజిన్ మీద బిగించకండి. పక్కన చెక్క గోడకు, గాలి తగిలే చోట పెట్టి, పొడుగు వైర్ వేయండి. ఇంకో కాయిల్ కొని ప్లాస్టిక్ డబ్బాలో దాచండి. సముద్రంలో షాపు ఉండదు.

ఇంజిన్ నడవనప్పుడు తాళం ఆన్‌లో వదలొద్దు. ఆ స్థితిలో కాయిల్‌లోంచి కరెంటు ఆగకుండా పారుతూ ఉండొచ్చు, మంచి కాయిల్ కూడా కాలుతుంది.

—

ఆటోనగర్_పెద్దాయన | ఆగస్టు 14, ఉదయం 7:00

పాపను మెచ్చుకున్నానని చెప్పు. లైట్ ముందు పోయిందా, ఇంజిన్ ముందు ఆగిందా అన్నది మా షెడ్డులో పెద్ద పెద్దవాళ్లు కూడా గమనించేవారు కాదు.

గేజ్ తీయకు. జూన్ సంగతి ఇంకా తేలలేదు.

—

చెసపీక్_తెరచాప | ఆగస్టు 20, రాత్రి 9:50

బాబాయ్ గారూ, మీరు గేజ్ తీయొద్దన్నది ఎంత మంచి మాటో ఈ రోజు అర్థమైంది.

కొత్త కాయిల్ వేసి శుక్రవారం జట్టీ దగ్గర గంటన్నర నడిపాను. ఆగలేదు. కాయిల్ గోరువెచ్చగా ఉంది అంతే. ఈ రోజు బయటికి తీసుకెళ్లాను, సెవెర్న్ నది లోపలికి, ఎందుకైనా మంచిదని ఒడ్డుకు దగ్గరగా. ఒక మిత్రుడు తోడు వచ్చాడు. అలలకు ఎదురుగా కొంచెం ఎక్కువ వేగంలో నడుపుతుంటే, గంటా పదిహేను నిమిషాలకు ఊగడం మొదలైంది. నూనె అయిపోయిన దీపం! లైట్ చక్కగా వెలుగుతోంది. గేజ్ చూస్తే 1 కంటే కింద. వేగం తగ్గిస్తే మెల్లగా ఒకటిన్నరకు వచ్చింది. పూర్తిగా ఆగలేదు, నెమ్మదిగా ఇంటికి తెచ్చుకున్నాం.

ఫిల్టర్ కొత్తది. పంపు పోయిందా?

—

డీజిల్_వాది | ఆగస్టు 20, రాత్రి 10:20

పంపు కొనకముందు ఒక చిన్న పని. ఈసారి ఊగినప్పుడు డెక్ మీద పెట్రోల్ పోసే మూత తెరిచి చూడు. డీజిల్ అయినా పెట్రోల్ అయినా ట్యాంకు ఒకటే. నాకు కొత్త డీజిల్ వేశాక కూడా మొదటి ఏడాది ఇదే ఆట ఆడింది, ట్యాంకు గాలి పీల్చుకోలేక.

—

పాత_ఇంజిన్_ప్రేమికుడు | ఆగస్టు 20, రాత్రి 10:45

అన్న చెప్పింది మొదట చూడు. ట్యాంకులోంచి పెట్రోల్ తగ్గే కొద్దీ ఆ చోట్లోకి గాలి రావాలి. ఆ గాలి వచ్చే దారి, అంటే వెంట్, మూసుకుపోతే లోపల శూన్యం పెరిగి పంపుతో పోటీ పడుతుంది. ఈ ఇంజిన్ గంటకు గ్యాలన్‌కు కాస్త అటూ ఇటూగా తాగుతుంది. వేగంగా నడిపితే త్వరగా, నెమ్మదిగా నడిపితే ఆలస్యంగా లక్షణం కనిపిస్తుంది. ఇంజిన్ ఆపి 20 నిమిషాలు కూర్చుంటే ఎక్కడో సందులోంచి గాలి చేరి సర్దుకుంటుంది.

అంటే నీ రెండు జబ్బులకూ మందు ఒకటే: కాసేపు ఊరుకోవడం. కాయిల్ చల్లారేది, ట్యాంకు గాలి పీల్చుకునేది. ఎవరైనా ఎలా కనిపెడతారు?

మూత తెరిచేటప్పుడు ఎవరూ సిగరెట్ కాల్చకూడదు, స్టవ్ వెలిగి ఉండకూడదు.

—

చెసపీక్_తెరచాప | ఆగస్టు 26, సాయంత్రం 7:15

మూత తిప్పగానే "హుస్స్" మని పాము బుస కొట్టినట్టు గాలి లోపలికి పోయింది. నా కళ్లముందే గేజ్ ముల్లు 0.8 నుంచి 2.5కి లేచింది. ఇంజిన్ గొంతు మారిపోయింది. మిత్రుడు స్టీరింగ్ దగ్గర నుంచి "ఏం చేశావ్?" అని అరిచాడు.

జట్టీకి వచ్చాక పడవ వెనక వైపున్న వెంట్ చూశాను. ఇత్తడి ఫిట్టింగ్, బయటికి శుభ్రంగానే ఉంది. దాన్ని విప్పి వెలుతురుకు పెట్టి చూస్తే లోపల మట్టి. సన్నటి స్క్రూడ్రైవర్‌తో గీకితే పొడిపొడిగా రాలింది, మధ్యలో ఎండిపోయిన చిన్న సాలెపురుగులు, కందిరీగ రెక్క ఒకటి. కందిరీగ మట్టిగూడు! జాలీ ఎప్పుడో తుప్పు పట్టి పోయింది, కందిరీగ లోపల దూరి గూడు కట్టుకుంది. మట్టిలో సూది పట్టేంత సందు మిగిలింది. అందుకే నెమ్మదిగా నడిపితే ఏమీ లేదు, వేగంగా నడిపితే ఊగడం. వెంట్ గొట్టం కూడా రెండు చోట్ల పగిలి ఉంది. అందరూ పెట్రోల్ గొట్టం గురించే చెబుతారు కానీ వెంట్ గొట్టంలోంచి వచ్చేదీ పెట్రోల్ ఆవిరే కదా. రెండూ కొత్తవి, పెట్రోల్ పడవలకు ఆమోదించిన ఏ1-15 రకం వేశాను.

మొత్తం ఖర్చు: ఒక కాయిల్, స్పేర్ కాయిల్, గేజ్, వెంట్, గొట్టాలు, క్లాంపులు. మెకానిక్ చెప్పిన కార్బురేటర్ ధరలో సగం కూడా కాలేదు.

—

గోదారి_పిల్ల | ఆగస్టు 26, రాత్రి 8:00

ఇంత ఆనందంలోనూ ఒకటి అడుగుతాను. ఆవిరిని పసిగట్టే అలారం ఉందా మీ బిల్జ్‌లో? లేకపోతే మిగిలిన డబ్బుతో అది కొనండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వేరే అలారం, పడుకునే చోట. పాప పడుకుంటుంది కదా.

—

చెసపీక్_తెరచాప | ఆగస్టు 27, ఉదయం 6:30

రెండూ ఆర్డర్ పెట్టాను అండీ. అవి బిగించాకే పడవలో రాత్రి ఉంటాం.

—

చెసపీక్_తెరచాప | సెప్టెంబరు 10, రాత్రి 9:05

నిన్న వెస్ట్ రివర్ వెళ్లాం, ఈ రోజు తిరిగి వచ్చాం. రెండు రోజులూ గాలి లేదు, మొత్తం ఇంజిన్ మీదే. పోను రెండున్నర గంటలు, రాను రెండున్నర. రాత్రి రెండు అలారాలూ పచ్చ లైటుతో కాపలా ఉన్నాయి. ప్రతి అరగంటకూ పాప గేజ్ చదివి నోటు పుస్తకంలో రాసింది. తొమ్మిది సార్లు 2.5, ఒకసారి 2.4. ఆ ఒక్కటీ ఎందుకు తగ్గిందని నన్ను అడుగుతూనే ఉంది.

థామస్ పాయింట్ దాటాక ఆ రోజు లంగరేసిన చోటు మీదుగానే వచ్చాం. అక్కడ ఇంకో ఓడ ఉంది. మా ఆవిడ ఏమీ అనలేదు, ఫ్లాస్క్‌లోంచి టీ పోసి ఇచ్చింది.

—

ఆటోనగర్_పెద్దాయన | సెప్టెంబరు 11, ఉదయం 6:00

పాప ప్రశ్నకు జవాబు: వేగం కొంచెం పెంచి ఉంటావు, ఎక్కువ తాగితే ముల్లు ఆ మాత్రం దిగుతుంది. తనతోనే ఒకసారి వేగం పెంచి, తగ్గించి చూపించు.

కొత్త వెంట్‌కు జాలీ వేశావా?

—

చెసపీక్_తెరచాప | సెప్టెంబరు 11, ఉదయం 6:40

వేశాను బాబాయ్ గారూ. ఇత్తడిది, సన్నటిది. నెలకోసారి విప్పి చూడాలని పాప పుస్తకం మొదటి పేజీలో రాసుకుంది.